టాయిలెట్ పేపర్ మీద రాసిన కొండలు: బిల్ మర్రే గురించి తిరుపతిలో మాట్లాడింది

అందరికీ నమస్కారం. వెనక నిలబడుకోనుండేవాళ్ళు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉండాయి, ఫ్యాన్ కింద కూర్చోండి. మైకు వినపడతా ఉందా అమ్మా ఆఖర్న? సరే.

మీలో చానామందికి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చే ఉంటాది. వెనకాల సూర్యోదయం బొమ్మ, దాని మీద ఇంగ్లీషులో ఒక పేరా. మనిషి ఒక పనికి గట్టిగా పూనుకునేంతవరకు వెనకాముందు ఆడతానే ఉంటాడు, పూనుకున్నాడంటే ఆ క్షణం నుంచి దైవం కూడా కదిలొస్తాది, ఎక్కడెక్కడి సాయాలో వచ్చి చేరతాయి అని దాని భావం. కింద గోథే అని జర్మన్ కవి పేరు ఉంటాది. నాకు అది కనీసం ఇరవై తూర్లు వచ్చింటాది. ఆ పేరా గోథేది కాదు. దాన్ని రాసింది స్కాట్లాండ్‌కి చెందిన ఒక కొండలెక్కే మనిషి, పేరు విలియం హచిసన్ మర్రే, అందరూ బిల్ మర్రే అంటారు. 1951లో వచ్చిన ద స్కాటిష్ హిమాలయన్ ఎక్స్‌పెడిషన్ అనే పుస్తకంలో ఉండాది ఆ మాట. చివర్లో రెండు పాదాలు మాత్రం గోథేవని చెప్పి ఆయనే రాసినాడు, అవి కూడా గోథే రాసినదానికి చానా దూరం పోయిన అనువాదం. ఆ రెండు పాదాలు పట్టుకోని మొత్తం పేరాని జనం గోథే ఖాతాలో వేసేసినారు.

అసలు ఆ మాట ఏ సందర్భంలో రాసినాడో తెలిస్తే మీకు ఆయన మీద ప్రేమ పుడతాది. పెద్ద తత్వం చెప్దామని కూర్చోని రాసింది కాదది. నలుగురు స్నేహితులు హిమాలయాలకి రావాలనుకుంటా ఉండారు, ఇంకా ఏమీ సిద్ధం కాలేదు, కానీ ఒక్క పని మాత్రం చేసేసినారు, బొంబాయికి ఓడ టికెట్టుకి డబ్బులు కట్టేసినారు. దాని గురించి రాస్తా రాస్తా అన్న మాట అది. బొంబాయి టికెట్టు అన్నా! మన దేశానికి రావడానికి కట్టిన చార్జీ డబ్బుల దగ్గర పుట్టిన మాట, ప్రపంచమంతా తిరిగి వేరేవాళ్ళ పేరు మీద మన ఫోన్‌లోకి వచ్చింది.

ఈయన గురించే ఎందుకు మాట్లాడతా ఉండానంటే, నేను బ్యాంకులో పని చేసి రిటైర్ అయినోడిని, ఆయన కూడా బ్యాంకు ఉద్యోగిగానే మొదలయినాడు. 1913లో లివర్‌పూల్‌లో పుట్టినాడు, పెరిగింది గ్లాస్గోలో. రెండేళ్ళ పిల్లోడుగా ఉన్నప్పుడే తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లిపోలీలో చనిపోయినాడు. చదువయినాక బ్యాంకులో చేరినాడు. శనివారం మధ్యాహ్నం దాకా లెడ్జర్లు, ఆ తర్వాత కొండలు. నాకు ఆ లెక్క బాగా తెలుసు. సోమవారం పొద్దున కౌంటర్లో కూర్చున్నా కూడా కాళ్ళలో నిన్నటి కొండ ఇంకా ఉంటాది చూడండి, అది అనుభవించినోళ్ళకే తెలుస్తాది.

స్కాట్లాండ్ కొండలు ఎత్తులో పెద్దవి కావు, బెన్ నెవిస్ అన్నిట్లోకీ పెద్దది, అది 1345 మీటర్లు. మన తిరుమల కొండ మీద నిలబడుకుంటే సుమారు 850 మీటర్లు కదా, దానికి ఒకటిన్నర రెట్లు, అంతే. కానీ చలికాలంలో ఆ కొండ ఒళ్ళంతా ఐసు. గాలి మనిషిని నిలబడనీదు, పగలు ఏడెనిమిది గంటలకి మించి ఉండదు. మర్రే, ఆయన స్నేహితులు మెకంజీ, డన్, మెకాల్పైన్ వీళ్ళంతా 1930లలో అక్కడ చలికాలం ఎక్కుళ్ళని కొత్త దారి పట్టించినారు. అప్పటిదాకా పొడుగు పిడి ఐస్ గొడ్డలి వాడేవాళ్ళు, ఇరుకు సందులో దాన్ని తిప్పడానికి కుదరదు. వీళ్ళేం చేసినారంటే ఇంటి పైకప్పులకి పలకలు కొట్టే పనివాళ్ళ సుత్తి ఉంటాదే, దానికి కురచ పిడి వేయించుకోని దాంతో ఐసులో మెట్లు నరుక్కుంటా పోయినారు, తలకి టార్చిలైటు కట్టుకోని రాత్రిపూట కూడా. గ్లెన్‌కోలో క్లాఖెయిగ్ గల్లీ అని ఒక పెద్ద చీలిక, ఎంతోమంది ట్రై చేసి వదిలేసినది, 1938లో ఈయన జట్టే మొదటిసారి పూర్తిగా ఎక్కింది.

సరే, ఇంతవరకు చెప్పింది ఒక మంచి క్లైంబర్ కథ, ఇట్లాంటోళ్ళు చానామంది ఉంటారు. ఆయన రచయిత అయిన కథ జైల్లో మొదలవతాది.

యుద్ధం వచ్చింది, ఈయన సైన్యంలో చేరినాడు, ఉత్తర ఆఫ్రికా ఎడారికి పంపినారు. 1942 జూన్ ఆఖర్లో ఈజిప్టులో మెర్సా మత్రూ దగ్గర జర్మన్ ట్యాంకులు వీళ్ళని చుట్టేసినాయి. ఇంక దొరికిపోతామని తెలిసినాక జేబుల్లో శత్రువుకి పనికొచ్చేవి ఏమన్నా ఉంటే నాశనం చేద్దామని తీసినాడు, అందులో అడ్రసుల పుస్తకం ఉండాది. చించేముందు పేజీలు తిప్పి చూసుకుంటే, అందులో ఉన్న పేర్లన్నీ కొండలెక్కేవాళ్ళవే. అప్పుడు గాని ఆయనకి తెలీలేదంట తన బతుకు దేనితో నిండి ఉండాదో. నేను ఈ ముక్క చదివిన రోజు నా ఫోన్ తీసి కాంటాక్టులు చూసుకున్నా. మీరు కూడా ఇంటికి పోయి చూసుకోండి, నేను సీరియస్‌గానే చెప్తా ఉండా.

ఆ రాత్రి పట్టుకున్న జర్మన్ ట్యాంక్ కమాండర్ తుపాకీ పెట్టి నిలబెట్టి, చలిగా లేదా అని ఇంగ్లీషులో అడిగినాడంట. ఎడారి రాత్రి ఎముకలు కొరికే చలి. ఈయన నోట్లోంచి అప్పటికప్పుడు వచ్చిన మాట, కొండ మీద ఉన్నంత చలిగా ఉంది అని. కమాండర్ మొహం మారిపోయింది. నువ్వు కొండలెక్కుతావా అన్నాడు. ఆయన కూడా ఎక్కేవాడే! ఇంక తుపాకీ పక్కన పోయింది, ఇద్దరూ కొండల గురించి మాట్లాడుకున్నారు, తినడానికి పెట్టినాడు, బీరు ఇచ్చినాడు. ఇద్దరి దేశాలూ ఒకరినొకరు చంపుకుంటా ఉండాయి, వీళ్ళిద్దరూ ట్యాంకు పక్కన ఆల్ప్స్ గురించి మాట్లాడుకుంటా ఉండారు. తిరుమల నడకదారిలో అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ముక్కూమొహం తెలీని మనిషితో కబుర్లు చెప్పుకుంటా ఎక్కేస్తాం కదా, ఆయన ఏ ఊరో ఏ కులమో ఏ పార్టీనో ఎవరూ అడగరు, నాకు అదే గుర్తొచ్చింది.

తర్వాత మూడేళ్ళు ఖైదు. ముందు ఇటలీలో కియేటి అనే ఊరి దగ్గర క్యాంపు, ఆ తర్వాత అప్పటి చెకోస్లవేకియా, చివరికి జర్మనీలో బ్రన్స్‌విక్. కియేటిలో ఆయనకి వాళ్ళమ్మ రెడ్‌క్రాస్ ద్వారా షేక్‌స్పియర్ రచనలన్నీ ఉన్న ఒక పుస్తకం పంపించింది. ఆ పుస్తకం చదివినాక ఈయనకి రాయాలనిపించింది. ఏం రాయాల? ఖైదు గురించి కాదు, తన కొండల గురించి. కాగితం లేదు. దొరికేది ఒక్కటే, టాయిలెట్ పేపర్. దాని మీద మొదలుపెట్టినాడు.

మొన్న రాత్రి నేను ఇంట్లో కూర్చోని ట్రై చేసినా. టిష్యూ రోల్ ఒకటి తెచ్చుకోని దాని మీద రాసినా. పెన్నుతో రాస్తే ఇంకు పీల్చేసుకోని అక్షరం ఉబ్బిపోతాది, ‘క’కి ‘త’కి తేడా తెలీదు. పెన్సిల్‌తో నొక్కితే చిరుగుతాది, నొక్కకపోతే పడదు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు రెండూ ఎడంగా పెట్టి కాగితాన్ని అటూ ఇటూ లాగి బిగించి పట్టుకోవాల, ఆ మధ్యలో ఉన్న రెండు వేళ్ళ జాగాలో రాయాల, మళ్ళీ జరపాల. ఇరవై లైన్లు రాసేసరికి నాకు గంట పట్టింది, మా ఇంటావిడ వచ్చి ఏం చేస్తా ఉండావని చూసి ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నది. ఆ కాలం కాగితం ఇప్పటిదంత మెత్తనిది కాదులే, గరుకుగా ఉండేది, రాయడానికి కాస్త మేలు. అయినా ఒక పూర్తి పుస్తకం! ఆకలితో, చలిలో, పక్కన వందలమంది గోలలో, ఎప్పుడు వదుల్తారో తెలీకుండా, ఒక మ్యాపు లేదు, ఒక డైరీ లేదు, ఒక ఫోటో లేదు. ఫలానా గల్లీలో మూడో మలుపు దగ్గర రాయి ఏ రంగులో ఉంటాది, చెయ్యి పెడితే ఎక్కడ ఆనుకుంటాది, ఆ రోజు చంద్రుడు ఏ వైపు నుంచి వచ్చినాడు, అన్నీ తలకాయలోంచే తీయాల.

తీసినాడు. రాసినాడు. చెకోస్లవేకియాలో ఉన్నప్పుడు సోదాల్లో గెస్టపో వాళ్ళకి, అంటే హిట్లర్ రహస్య పోలీసులకి, ఆ కట్ట దొరికిపోయింది. ఏందిది అని విచారించినారు, మొత్తం నాశనం చేసినారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాల. చానా ఏళ్ళ కింద ఒక తుంబురు తీర్థ ముక్కోటికి, ఫాల్గుణ పౌర్ణమి నాడు, ఐదుగురం స్నేహితులం పోయినాం. పాపవినాశనం దాటినాక అడివిలో దారి, తర్వాత ఆ రెండు కొండల మధ్య చీలిక, పైకి చూస్తే ఆకాశం ఒక గీత మాదిరి కనపడతాది, కింద నీళ్ళు చల్లగా మోకాలు దాకా. వచ్చినాక రెండు రోజులు కూర్చోని నలభై పేజీల నోట్‌బుక్కు నిండా రాసినా. ఆ నోట్‌బుక్కు ఒక ప్రయాణంలో బస్సులో పోయింది. దిగినాక గుర్తొచ్చి వెనక్కి పోయి అడిగితే, అప్పటికే ఊడ్చి పారేసినామన్నారు. మళ్ళీ రాద్దామని కూర్చుంటే మూడు పేరాలు వచ్చినాయి. నీళ్ళు చల్లగా ఉండాయి, దారి కష్టంగా ఉండాది, ఆనందంగా ఉండాది. అంతే! ఏ మనిషయినా ఏ కొండ గురించయినా రాయగలిగిన మూడు పేరాలు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు తెలిసింది, నేను చూసింది తక్కువ అని కాదు, చూసేటప్పుడు మనసులో పెట్టుకోలేదని, నోట్‌బుక్కు ఉంది కదా అని దానికి వదిలేసినానని.

మర్రే రెండోసారి మొదలుపెట్టినాడు. మొదటి పేజీ నుంచి. బ్రన్స్‌విక్ క్యాంపులో అప్పటికి తిండి లేక మనిషి ఎంత చిక్కిపోయినాడంటే, ఇంక జన్మలో కొండ ఎక్కలేనని తనకి తానే నమ్మేసినాడు. నా ఉద్దేశంలో ఆ పుస్తకానికి ఉన్న బలమంతా ఇక్కడే ఉంది. వచ్చే వారం మళ్ళీ పోతాను కదా అనుకునేవాడు కొండ గురించి ఒక రకంగా రాస్తాడు. ఇంక పోలేను, నాకు మిగిలింది ఈ గుర్తే అనుకునేవాడు రాసేది వేరు. వాడు ఒక్క రాయిని కూడా వదులుకోడు. అప్పటికి క్యాంపులో ఒక తోటి ఖైదీ ఆయనకి ధ్యానం, తత్వం నేర్పించినాడు, అది కూడా తోడయింది. కాబట్టి పుస్తకంలో కొండ ఎక్కడం గురించి చదువుతా ఉంటే ఉన్నట్టుండి ఒక చోట ఆగిపోయి ఆకాశాన్ని చూస్తాడు, అక్కడ మన అన్నమయ్య పదం చదివినట్టే ఉంటాది నాకు.

అన్నమయ్య అన్నాను కాబట్టి. మోకాళ్ళ పర్వతం దగ్గర పిల్లోడుగా ఉన్నప్పుడు చెప్పులతోనే ఎక్కి, ఆకలికి సొమ్మసిల్లి పడిపోతే అలమేలుమంగమ్మ వచ్చి ప్రసాదం పెట్టిందని, అప్పుడే శతకం చెప్పినాడని కథ మనందరికీ తెలుసు. కొండ, ఆకలి, పదం, ఈ మూడూ ఆ కథలో ఒకే చోట ఉండాయి చూడండి. ఆ పదాలు రాగిరేకుల మీద చెక్కించినారు, వందల ఏళ్ళు గుళ్ళో ఒక చీకటి అరలో పడి ఉండి మళ్ళీ బయటపడినాయి. ఇక్కడ రాగి, అక్కడ టాయిలెట్ పేపర్. రాగి నిలిచింది, కాగితం పోయింది, పోయినా కూడా అందులో ఉన్నది ఆ మనిషి లోపల ఉండబట్టి మళ్ళీ వచ్చింది.

1945 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం వచ్చి క్యాంపుని విడిపించింది. ఈసారి కాగితాలు ఆయనతోనే బయటికి వచ్చినాయి. 1947లో పుస్తకం అచ్చయింది, పేరు మౌంటెనీరింగ్ ఇన్ స్కాట్లాండ్. యుద్ధం తర్వాత ఆ దేశంలో కొండలెక్కిన పిల్లలు ఒక తరం మొత్తం ఆ పుస్తకం చదివే ఎక్కినారు. ఇంక ఎక్కలేననుకున్న మనిషి మళ్ళీ ఎక్కినాడు కూడా. అదే 1947లో ఆల్ప్స్‌లో రాళ్ళు పడి జట్టులో జాన్ బార్ఫర్డ్ అనే స్నేహితుడు చనిపోయినాడు, ఈయనకి తల పుర్రె చిట్లింది. అది కూడా తట్టుకోని లేచినాడు.

1950లో ఆ బొంబాయి టికెట్టు ప్రయాణం. మర్రే, డగ్లస్ స్కాట్, టామ్ వేర్, టామ్ మెకినన్, నలుగురూ స్కాట్లాండ్ వాళ్ళే, పెద్ద సంస్థల డబ్బు లేదు, సైన్యం మాదిరి వందలమంది కూలీలు లేరు. గఢ్వాల్, కుమావూ కొండల్లో నెలల తరబడి తిరిగి ఐదు శిఖరాలు ఎక్కినారు. అందులో ఉజా తిర్చే అనేది 6,200 మీటర్ల పైన, అప్పటిదాకా ఎవరూ ఎక్కనిది. చిన్న జట్టు, తక్కువ సామాను, ఊళ్ళ మీదుగా నడుచుకుంటా పోవడం, దారిలో మనుషులతో కలవడం. మన ట్రెక్కింగ్ పిల్లలకి నేను ఎప్పుడూ చెప్పేది అదే పద్ధతి.

మరుసటేడాది 1951లో ఎవరెస్టుకి నేపాల్ వైపు నుంచి దారి ఉందా లేదా అని చూడడానికి ఒక జట్టు పోయింది, ఎరిక్ షిప్టన్ నాయకుడు, మర్రే ఆయన తర్వాతి స్థానం, అందులో హిల్లరీ కూడా ఉండాడు. ఖుంబు ఐస్‌ఫాల్, అంటే కొండవాలున పగిలి జారతా ఉండే పెద్ద మంచుగడ్డల గుండా దారి ఉందని తేల్చినారు, 1953లో టెన్జింగ్, హిల్లరీ ఎక్కింది ఆ దారినే. కానీ 53 జట్టులో మర్రే లేడు. ఎత్తులో పలచని గాలికి ఆయన ఒళ్ళు అలవాటు పడలేదు. దారి వెతికిన జట్టులో ఉండి ఆఖరి పయనంలో లేకపోవడం ఎంత బాధగా ఉంటాదో మనం ఊహించుకోవచ్చు, అయినా ఆయన కొండలని వదల్లేదు, కలాన్నీ వదల్లేదు. నవలలు రాసినాడు, రాబ్‌రాయ్ మెక్‌గ్రెగర్ అని వాళ్ళ దేశపు ఒక పాత వీరుడి జీవిత చరిత్ర రాసినాడు, దీవుల గురించి రాసినాడు.

ఆయన చేసిన ఇంకో పని ఉంది, నాకు అన్నిటికంటే పెద్దగా కనపడేది. 1960ల మొదట్లో స్కాట్లాండ్ నేషనల్ ట్రస్ట్ ఆయన్ని అడిగింది, మా కొండల్లో ఏవి అన్నిటికంటే కాపాడుకోవాల్సినవో తిరిగి చూసి చెప్పండని. ఆయన కాళ్ళతో తిరిగి, కళ్ళతో చూసి, 21 ప్రాంతాల గురించి రిపోర్టు రాసినాడు, 1962లో పుస్తకంగా వచ్చింది. గ్లెన్ నెవిస్ లోయలో కరెంటు కోసం ఆనకట్ట కడతామంటే దానికి అడ్డం నిలబడినవాళ్ళలో ఈయన ఒకడు, ఆ ఆనకట్ట రాలేదు, ఆ లోయ ఇప్పటికీ ఉంది. ఒక లోయ అందంగా ఉంది అని ఊరికే అంటే ఇంజనీరు వినడు కదా. ఎక్కడ అందంగా ఉంది, ఎందుకు అందంగా ఉంది, ఏ చెట్టు తీస్తే ఏం పోతాది అని రాయగలిగితే వింటాడు. జైల్లో ఒక్కో రాయిని గుర్తు తెచ్చుకోని రాసిన చెయ్యే ఆ రిపోర్టు కూడా రాసింది. 1996 మార్చిలో చనిపోయినాడు, 83 ఏళ్ళు నిండిన మరుసటి రోజు.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను, ఎక్కువసేపు తీసుకోను. శేషాచలం కొండలు 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అయినాయి. ఎర్రచందనం లోకంలో సొంతంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే. బంగారు బల్లి ఉంది, దేవాంగపిల్లి ఉంది, తలకోన ఉంది. ఘాట్‌రోడ్డు పక్కన కోట్ల ఏళ్ళ తేడా ఉన్న రెండు రాతిపొరలు ఒకదాని మీద ఒకటి కూర్చోనుంటే, దాన్ని చూడడానికి వేరే దేశాల నుంచి భూగర్భ శాస్త్రం చదివేవాళ్ళు వస్తారు, మనం బస్సు కిటికీలోంచి ఆ బోర్డు చూసి నిద్రపోతాం. దేవుడి మీద ఈ ఊళ్ళో ఎన్ని పుస్తకాలు ఉండాయో లెక్కలేదు, ఉండాల కూడా. కానీ కొండని కొండగా చూసి, ఫలానా బండ, ఫలానా ఊట, ఫలానా నెలలో ఏ పువ్వు అని నడిచి రాసిన తెలుగు పుస్తకం నా చేతికి ఒక్కటి రాలేదు, నేను ఎదురుచూస్తా ఉండా, మీలో ఎవరో ఒకరు రాస్తారని.

ప్రశ్న ఒకటి వచ్చింది. ఆ పాప అడిగేది ఏందంటే, ఇప్పుడు ఫోన్‌లో ఫోటో తీసుకుంటే చాలదా సార్ అని. మంచి ప్రశ్నమ్మా. తీసుకో, నేను వద్దనను, నేను కూడా తీస్తా. కానీ ఒక పని చేసి చూడు. వచ్చే ఆదివారం మనం శ్రీవారి మెట్టు దారిలో పోతా ఉండాం కదా, అక్కడ ఏదో ఒక రాయి దగ్గర ఐదు నిమిషాలు కూర్చో, ఫోన్ బ్యాగులో పెట్టేసి. ఇంటికొచ్చినాక ఆ రాయి గురించి ఒక పేజీ రాయి. మూడు పేరాలు వచ్చి ఆగిపోయినాయనుకో, మళ్ళీ వారం మళ్ళీ అదే రాయి దగ్గరికి పో. నేను తుంబురు తీర్థానికి ఆ తర్వాత ఇంకా ఆరు తూర్లు పోయినా, ఇప్పుడు పదకొండు పేజీలు ఉండాయి నా దగ్గర, ఇంకా చీలికలోకి దిగే దగ్గరే ఉండాను.

ఆదివారం పొద్దున ఐదున్నరకంతా శ్రీనివాసమంగాపురం గుడి దగ్గర ఉండండి, నీళ్ళ బాటిల్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోండి, ప్లాస్టిక్ కవర్లు వద్దు. చిన్న నోట్‌బుక్కు ఒకటి, పెన్సిల్ ఒకటి. పెన్ను వద్దు, మంచు పడతాది పొద్దున, తడికి అలుక్కుపోతాది.